మీ మేడ మీద గది ఖాళీగా ఉందా?

సంపాదకులు గారికి నమస్కారం.

చలికాలం రాగానే పేపర్లో ప్రతి ఏడాదీ ఒక ఫోటో వస్తుంది. రైల్వే స్టేషన్ బయటో బస్టాండు అరుగు మీదో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నవాళ్ళ ఫోటో, కింద రెండు ముక్కల వార్త, దాతలెవరైనా ముందుకొచ్చి దుప్పట్లు పంచాలని. మేమూ పంచాం చాలాసార్లు. ఈసారి ఆ ఫోటోని కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను, ముసుగుల్లోంచి ఇద్దరు ముగ్గురి పాదాలు బయటికి కనబడుతున్నాయి, అవి ముసలివాళ్ళ పాదాలు కావు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలవి. ఆ వయసువాళ్ళు అక్కడెందుకు పడుకుంటున్నారో నాకు కొంచెం తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదే అయింది, వీలైతే కుదించకుండా వేయండి.

నేను గవర్నమెంటు స్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మాది రాజమండ్రి. మావారు ఆర్టీసీలో చేశారు. అమ్మాయి డాలస్‌లో, అబ్బాయి బెంగుళూరులో. మేడ మీద అబ్బాయి కోసం వేసిన గది, బాత్రూముతో సహా, ఏళ్ళ తరబడి తాళం వేసి ఉండేది. మా వీధిలో ఇలా తాళం పడిన గదులు వేళ్ళ మీద లెక్కపెడితే చేతులు చాలవు, పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉంటారు, సంక్రాంతికి వస్తే నాలుగు రోజులు తీస్తారు, మళ్ళీ మూసేస్తారు.

నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం గోకవరం బస్టాండు దగ్గర నా పాత స్టూడెంటు కనబడ్డాడు. పేరు రాయను, వాడి బతుకు వాడిది. అనాథ పిల్లల హోమ్ నుంచి మా స్కూలుకి వచ్చేవాడు, టెన్తులో నా దగ్గరే చదివాడు. భుజాన పాత స్కూలు బ్యాగు ఉంది. ఏం చేస్తున్నావురా అంటే తాడితోటలో బట్టల హోల్‌సేల్ షాపులో బేళ్ళు దింపుతున్నానండి అన్నాడు. ఎక్కడుంటున్నావంటే మాట్లాడలేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు, మూడు వారాలుగా బస్టాండులోనే. బ్యాగులో ఏముందో చూపించాడు, రెండు జతల బట్టలు, పాలిథిన్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేసిన సర్టిఫికెట్లు, అంతే.

జరిగింది ఇదీ. హోములో ఉన్న పిల్లవాడికి పద్దెనిమిది నిండాయి. నిండాయని కాగితం చెప్పింది. నిజానికి వాడి పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు, చిన్నప్పుడు హోములో చేర్చినప్పుడు వయసు అంచనా కట్టి ఒక తేదీ రాశారు, ఆ రాసిన తేదీయే వాడికి పుట్టినరోజు. మనిళ్ళలో పద్దెనిమిదో పుట్టినరోజుకి కేకు కోస్తాం, బండి కొనివ్వమని పిల్లలు పేచీ పెడతారు. వీడికి ఆ వారంలోనే హోము గేటు దాటాల్సి వచ్చింది. కాకినాడలో వరసకి మేనమామ అయ్యే ఆయన పది రోజులు ఉంచుకుని, మా పరిస్థితి నీకు తెలుసు కదా అన్నాడట. తర్వాత రూము కోసం తిరిగాడు. ఫ్యామిలీకే ఇస్తామన్నవాళ్ళు కొందరు. సరే చూద్దాం అన్నవాళ్ళు కూడా నాన్నేం చేస్తారు, సొంతూరేది అని అడుగుతారు, చివరికి కులం తెలుసుకోవడానికి "మీరేవిట్లు?" అంటారు. ఈ మూడింటికీ వాడి దగ్గర జవాబు లేదు. జవాబు లేనివాడికి మన ఊళ్ళో అద్దెకి గది దొరకదండీ, చేతిలో అడ్వాన్సు పెట్టుకుని నిలబడ్డా సరే.

చట్టం లేదా అంటే ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 46వ సెక్షను ప్రకారం పద్దెనిమిది నిండి హోము నుంచి బయటికి వెళ్ళేవాళ్ళకి ఆర్థిక సాయం చేయవచ్చు. దీన్ని ఆఫ్టర్‌కేర్ అంటారు, ఇరవై ఒకటి వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవై మూడు వరకు. 2016 రూల్సులో ఇంకా వివరంగా ఉంది, పిల్లవాడు బయటికి వెళ్ళడానికి రెండు నెలల ముందే వాడు ఎక్కడ ఉంటాడు, ఏం చేస్తాడు అని ప్లాను రాసి బాలల సంక్షేమ కమిటీకి ఇవ్వాలి, ఆరుగురి నుంచి ఎనిమిది మంది వరకు కలిసి ఉండేలా తాత్కాలిక వసతి చూపాలి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల పథకం కింద నెలకి 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. చదవడానికి ఎంత బావుందో చూడండి. కానీ సెక్షనులో ఉన్న మాట "చేయవచ్చు" అని, "చేయాలి" అని కాదు. పిల్లలకి పౌరశాస్త్రం చెప్పినదాన్ని, ఆ రెండు మాటలకీ ఎంత తేడా ఉందో నాకు తెలుసు. ఆ నాలుగు వేల సంగతి మావాడికి ఎవరూ చెప్పలేదు, మేం వెతికి తెలుసుకునేసరికి ఏడాది గడిచిపోయింది.

షెల్టర్లున్నాయి కదా అనొచ్చు మీరు. ఉన్నాయి, పట్టణాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున ఉండాలని నిబంధన, అవి లేకపోతే ఎంతోమందికి చలిలో ప్రాణాలు దక్కవు, నడిపేవాళ్ళకి దణ్ణం పెడతాను. కానీ పద్దెనిమిదేళ్ళవాడు పెద్ద హాల్లో యాభై మంది మధ్య, తాగి వచ్చినవాళ్ళ పక్కన, ఎన్నాళ్ళు పడుకుంటాడు? పొద్దున షాపుకి వెళ్తే సర్టిఫికెట్ల బ్యాగు ఎవరికి అప్పగించి వెళ్తాడు? 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి తిరిగి లెక్కపెడితే దేశంలో ఇల్లు లేనివాళ్ళు 17.7 లక్షల పైచిలుకు తేలారు. ఆ రాత్రి బంధువుల వరండాలోనో, ఫ్రెండు రూములో ఓనరుకి తెలియకుండానో పడుకున్న కుర్రాళ్ళు ఆ లెక్కలో ఉండరు.

ఆ రాత్రి వాణ్ణి ఇంటికి తీసుకొచ్చాం. నాలుగు రోజులుండనిద్దాం, ఏదో ఒక దారి చూద్దాం అనుకున్నాం. మూడేళ్ళ ఎనిమిది నెలలు ఉన్నాడు.

మొదట్లో నాకు అర్థం కానివి చాలా ఉండేవి. చెప్పులు తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. బస్టాండులో ఒక జత పోయిందట. గేటు తాళంచెవి వాడికి విడిగా ఒకటి ఇచ్చాం, అయినా రాత్రి షాపు నుంచి రాగానే గేటు బయటే నిలబడి మావారు చూసేదాకా ఎదురుచూసేవాడు, బెల్లు కొట్టడానికి కూడా మొహమాటం. తాళంచెవి జేబులోనే ఉంది కదరా అంటే తల ఊపేవాడు, మర్నాడు మళ్ళీ అక్కడే. చిన్నప్పట్నుంచీ వాడు చూసిన గేటుని వాచ్‌మన్ తీయాలి, తను తీస్తే తప్పు. అన్నం ఐదు నిమిషాల్లో తినేసి కంచం కడిగి బోర్లించేవాడు, వెనక లైను ఉందన్నట్టు. ఫ్యాను వేసుకోవచ్చాండీ అని అడిగేవాడు. ఇంటర్ పాసైనవాడు, గ్యాసు వెలిగించడం రాదు. ఎందుకొస్తుంది, హోములో పిల్లల్ని వంటగదిలోకి రానివ్వరు. కూరగాయల బజారుకి పంపితే ఇద్దరికీ ముగ్గురికీ ఎంత కొనాలో తెలియక నాలుగు కిలోల వంకాయలు తెచ్చాడు, వాడు చూసిన కొలతలన్నీ డెబ్బై మందికి వండే కొలతలు కదా. మన పిల్లలు ఇవి ఎప్పుడు నేర్చుకున్నారో మనకి గుర్తుండదు, మనం నేర్పామన్న సంగతి కూడా గుర్తుండదు, ఇంట్లో తిరుగుతూ ఉంటే వచ్చేస్తాయంతే. ఆ తిరిగే ఇల్లు వీళ్ళకి లేదు. నా మటుకు నేను తిండికన్నా గదికన్నా ఇదే పెద్ద లోటు అంటాను.

కాగితాల బాధ ఇంకొకటి. ఆధార్‌లో అడ్రసు హోముది. వార్డు సచివాలయానికి ఏ పని మీద వెళ్ళినా ముందు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ ఏ కుటుంబంలో ఉందో అడుగుతారు. కుటుంబమే లేనివాణ్ణి ఏ కుటుంబంలో చూపించాలి? అక్కడ పనిచేసే పిల్లలు మంచివాళ్ళే, వాళ్ళ కంప్యూటరులో ఆ గడి లేదు, వాళ్ళేం చేస్తారు. మేం అద్దె ఒప్పందం రాయించాం, దాంతో ఆధార్‌లో అడ్రసు మార్పించాం, బ్యాంకు ఖాతా దానికి కలిసింది, ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కి అప్లికేషన్ పెట్టాడు, పొద్దున క్లాసు, సాయంత్రం షాపు. అడ్రసు అనే ఒక్క లైనులో ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలిసింది నాకు. నాలుగో నెల నుంచి అద్దె తీసుకోమన్నాడు. వెయ్యి రూపాయలు. వద్దందామనుకున్నాను, మావారు తీసుకో అన్నారు, ఆయన మాటే సరైంది. ప్రతి నెలా రసీదు రాసిచ్చేదాన్ని.

నేను చేసిన తప్పు కూడా రాయాలి, లేకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. మొదటి సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు. ఇల్లు నిండా జనం. వాడు గారెల పళ్ళెం పట్టుకుని వరండాలోకి వస్తుంటే మా ఆడపడుచు ఎవరే ఈ అబ్బాయి అంది. నేను, పాపం అనాథ పిల్లాడు వదినా, మేమే చూసుకుంటున్నాం అనేశాను. ఆ మాటలో నా గొప్ప ఎంత ఉందో అప్పుడు తెలియలేదు. వాడు పళ్ళెం అక్కడ పెట్టి పైకి వెళ్ళాడు. ఆ మర్నాటి నుంచి షాపు దగ్గరే తినేసి వస్తున్నానండి అనేవాడు, పార్సిలు కవరు మెట్ల కింద చెత్తబుట్టలో కనబడేది. పద్దెనిమిది రోజులు మా ఇంట్లో ముద్ద ముట్టలేదు. పంతొమ్మిదో రోజు నేనే పైకి వెళ్ళి, మంచం మీద కూర్చుని, నాది తప్పు బాబూ, ఇంకెప్పుడూ అలా చెప్పను అన్నాను. ఎలా చెప్పమంటావు అని కూడా అడిగాను. మీ పాత స్టూడెంటునని చెప్పండి, మేడ మీద అద్దెకుంటున్నానని చెప్పండి, రెండూ నిజమే కదండీ అన్నాడు. నిజమే.

అందుకని, ఎవరైనా ఈ పనికి పూనుకుంటే అమ్మా అని పిలవమని మాత్రం అడగకండి. వాడికి ఎక్కడో ఒక అమ్మ ఉండే ఉంటుంది, ఉన్నా లేకపోయినా ఆ మాట వాడిది, ఎప్పుడు ఎవరికివ్వాలో వాడిష్టం. ఇప్పటికీ నన్ను టీచర్ గారూ అనే అంటాడు, మావారిని సార్ అంటాడు.

ఇంకో సంగతి కటువుగానే చెప్పాలి. ఈ విషయం తెలిసి నాకు ఫోన్ చేసినవాళ్ళలో నలుగురు, ఆడపిల్లలెవరైనా ఉంటే చెప్పండి టీచర్ గారూ, ఇంట్లో ఉంటుంది, చిన్నచిన్న పనులు చేసిపెడుతుంది, మేమూ బాగా చూసుకుంటాం అన్నారు. నలుగురికీ లేదని చెప్పాను. అది ఆశ్రయం కాదు, జీతం లేని పనిమనిషిని వెతుక్కోవడం. అంట్లు తోమడానికి మనిషి కావాలంటే జీతమిచ్చి పెట్టుకోండి. నిజంగా ఆడపిల్లలకే ఇంకా కష్టం, పద్దెనిమిది దాటగానే ఏదో ఒక సంబంధం చూసి పెళ్ళి చేసేస్తే బాధ్యత తీరిపోయిందనుకునేవాళ్ళు ఉన్నారు. నాతో పనిచేసిన ఒకావిడ, భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు దానవాయిపేటలో, నర్సింగ్ చదివే అమ్మాయికి రెండేళ్ళుగా గది ఇచ్చారు. ఆ అమ్మాయికి నైట్ డ్యూటీలుంటే పొద్దున తొమ్మిది దాకా ఇంట్లో మిక్సీ వేయరట ఆవిడ. నాకు ఆ మాట చాలా నచ్చింది.

ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఇంట్లో పెట్టుకుంటారా, రోజులెలా ఉన్నాయో తెలుసా అని మా తమ్ముడు నెల రోజులు పోరాడాడు. ఆ టెన్షన్ తప్పని నేననను. మా విషయంలో వాడు తెలిసినవాడు, అందరికీ అలా కుదరదు. మేం కూడా అద్దెకిచ్చేవాళ్ళందరూ చేసినట్టే కాగితాలు జిరాక్సు తీసి పోలీస్ స్టేషన్‌లో వివరాలిచ్చాం, పైకి మెట్లు బయటినుంచే ఉన్నాయి కాబట్టి ఎవరి తలుపు వాళ్ళది. కానీ భయం రెండువైపులా ఉంటుందని మా తమ్ముడికి తట్టలేదు. వాడికి మాత్రం మేమెవరం? రేపు కోపమొచ్చి పొమ్మంటే సామాను సర్దుకోవడానికి ఎంత టైమిస్తామో వాడికేం తెలుసు? అందుకే పొమ్మనాల్సి వస్తే రెండు నెలల ముందు చెప్తామని ఒప్పందంలోనే రాశాం, ఆ లైను చదివాకే వాడు బ్యాగులోంచి బట్టలు తీసి అలమారలో పెట్టాడు. ఇంట్లో తాగే మనిషి ఉన్నా, ఒకే గదిలో అందరూ సర్దుకోవాల్సి వచ్చినా, ఇంట్లో ఒకరికి ఇష్టం లేకపోయినా దయచేసి ఈ పని పెట్టుకోకండి, మధ్యలో వద్దంటే వాడికి అది రెండో బస్టాండు.

ఇదేమీ మనకి కొత్త కాదండీ. మా ఊరి కథే ఉంది. ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకిన సుబ్బమ్మ గారి అబ్బాయిని, మిషన్ స్కూల్లో ఆయనకి పాఠం చెప్పిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు తను రాజమండ్రికి మకాం మారుస్తూ వెంట తీసుకొచ్చి చదివించారు. ఆ అబ్బాయే టంగుటూరి ప్రకాశం, మా ఊరికి మున్సిపల్ చైర్మన్ అయ్యారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఈ పాఠం నేను ఎన్నేళ్ళు చెప్పానో, ప్రకాశం గారి గురించే చెప్పాను, తీసుకొచ్చిన మాస్టారి గురించి ఒక్క వాక్యంలో దాటేశాను. వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళ సంగతి పాతతరం అందరికీ తెలిసిందే, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం, అలా వారం గడిచేది. అయితే అందులో కులం గోడ గట్టిది, ఏ ఇంటి అరుగు ఎవరికి తెరిచి ఉండేదో మనకి తెలుసు. ఆ గోడ తీసేసి మిగిలినదాన్ని మళ్ళీ తెచ్చుకోగలిగితే నాకు చాలు. నా స్టూడెంటు ఒకమ్మాయి ఇంగ్లండులో లీడ్స్‌లో ఉంటోంది, అక్కడ నైట్‌స్టాప్ అని ఒక ఏర్పాటు ఉందని చెప్పింది. పదహారు నుంచి ఇరవై అయిదేళ్ళ మధ్య వయసువాళ్ళకి మామూలు జనమే తమ ఇంట్లో గది ఇస్తారు, ఇచ్చేవాళ్ళని ముందే విచారించి, శిక్షణ ఇచ్చి, తర్వాత కూడా కనిపెట్టుకుని ఉండే మనుషులుంటారు. ఆ చివరిదే నాకు కావలసింది. నేను ఒంటరిగా చేశాను, సందేహం వస్తే అడగడానికి ఎవరూ లేరు, సంక్రాంతి నాడు నేనన్న మాట ఎందుకు తప్పో ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పిల్లాడు పద్దెనిమిది రోజులు బయట తిని ఉండేవాడు కాదు.

ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్దదేం కాదు, కొత్త భవనాలు కట్టమని కాదు. పద్దెనిమిది లోపు పిల్లల్ని ఇంట్లో ఉంచుకుని పెంచడానికి ఫోస్టర్ కేర్ ఎలాగూ ఉంది, 2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ళ మధ్య ఒంటరిగా ఉన్నవాళ్ళు కూడా ముందుకు రావచ్చు. ఇంటికి వచ్చి చూసేవాళ్ళున్నారు, విచారించే పద్ధతి ఉంది, జిల్లాకో బాలల పరిరక్షణ అధికారి ఉన్నారు. అదే పద్ధతిలో పద్దెనిమిది దాటినవాళ్ళకి గది ఇవ్వగలిగిన ఇళ్ళ జాబితా కూడా ఒకటి తయారు చేయించండి. ఇంటిని చూడండి, ఇంటివాళ్ళ మీద కేసులేమైనా ఉన్నాయేమో చూడండి, పిల్లవాణ్ణో పిల్లనో ముందు ఒకటి రెండు ఆదివారాలు భోజనానికి పంపండి, వాళ్ళకి నచ్చితేనే రానివ్వండి. నెలకోసారి ఎవరైనా వచ్చి మాతో విడిగా, వాళ్ళతో విడిగా మాట్లాడాలి. ఆడపిల్లలైతే ఇంకా గట్టిగా చూడాలి. ఆ నాలుగు వేలు వాళ్ళ ఖాతాలోనే పడాలి, ఇంటివాళ్ళ చేతికి రాకూడదు. రెండు నెలల ముందు రాయాల్సిన ప్లానులో "బంధువుల ఇంటికి" అని ఒక్క ముక్క రాసి మూసేయకుండా, ఆ బంధువుకి నిజంగా ఇష్టముందా, ఆ ఇంట్లో మంచం వేసే చోటుందా అని ఒకసారి వెళ్ళి చూసినా కాకినాడలో మావాడికి జరిగింది జరగకపోను.

ఇంకా చెప్పుకుంటూపోతే ఇంట్లోంచి గెంటేసిన హిజ్రా పిల్లలున్నారు, ప్రేమపెళ్ళి చేసుకుని రెండువైపులా తలుపులు మూసుకుపోయినవాళ్ళున్నారు. వాళ్ళ గురించి దగ్గరగా తెలిసినవాళ్ళు రాస్తే బావుంటుంది, నాకు తెలిసినంతవరకే నేను రాశాను.

మావాడు ఐటీఐ పూర్తి చేసి ఏసీలు బిగించే పనిలో ఉన్నాడు, కిందటి నెల మోరంపూడి వైపు సొంతంగా రూము తీసుకున్నాడు. ఓనరు నాన్నేం చేస్తారని అడిగితే పాత ఓనరుతో మాట్లాడండి అని మావారి నంబరిచ్చాడట, ఆయన పావుగంట మాట్లాడారు. మా పై గది మళ్ళీ ఖాళీగా ఉందని, ఇంకొకరికి ఇస్తామని కాగితం మీద రాసి జిల్లా అధికారికి ఇచ్చి వచ్చాం. ఈ సంగతి ఫోన్లో చెప్తే మొన్న ఆదివారం వచ్చాడు. మంచం పక్కన ప్లగ్ పాయింటు లేదు టీచర్ గారూ, రాత్రి ఫోన్ ఛార్జింగు పెట్టుకోవాలంటే ఆ మూలకి వెళ్ళాలి, నేను ఇన్నాళ్ళూ అడగలేదు గానీ వచ్చేవాళ్ళు కూడా అడగరు అని, తనే వైరు లాగి బోర్డు బిగించి, స్విచ్చి వేసి చూసి, టీ తాగి వెళ్ళాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
రాజమహేంద్రవరం